నేల ప్రతిధ్వనుల్లో టీఐడీ తరంగదైర్ఘ్యం: ఎత్తు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

గూస్ బే సూపర్‌డార్న్ రాడార్ (అయనోవరణాన్ని గమనించే రాడార్ల నెట్‌వర్క్‌లో ఒకటి) శీతాకాలపు పగటి డేటాలో మధ్యస్థాయి టీఐడీలను, అంటే అయనోవరణంలో అలల్లా కదిలే అలజడులను, కొలుస్తున్నాను. 16 బీములు (రాడార్ చూసే దిశలు), 45 కి.మీ. గేట్లు (ఒక్కో దిశలో దూరాన్ని విభజించే ముక్కలు). సంకేతం అయనోవరణంలో వంగి, నేలను తాకి, అదే దారిన తిరిగొస్తుంది. అలజడి ఉండేది సగం దారిలో కాబట్టి ముందుగా గేట్లను అక్కడికి మార్చాలి. ఆ పని వదిలేస్తే తరంగదైర్ఘ్యం, వేగం దాదాపు రెట్టింపు వస్తాయి. మార్చాక 0.3–1.2 మిల్లీహెర్ట్జ్ ఫిల్టరు, ఆపైన తరంగాల దిశ, తరంగదైర్ఘ్యం తీసే మ్యూజిక్ (MUSIC) పద్ధతి.

గేట్లను మార్చడానికి సంకేతం వంగే ఎత్తు కావాలి; నా చిక్కంతా ఆ ఎత్తు దగ్గరే. నేల దాకా సంకేతం దారి 1400 కి.మీ. ఉన్నచోట ఎత్తును 250 నుంచి 300 కి.మీ.కు పెంచితే మార్చిన ఒక గేటు అడ్డ (నేలకు సమాంతర) దూరం సుమారు 24 నుంచి 25 కి.మీ. అవుతుంది, పట్టించుకోనక్కర్లేదు. 700 కి.మీ. దగ్గర మాత్రం 32 కాస్తా 44కు చేరుతుంది! పీరియడ్ చెక్కుచెదరదు, వేగం మాత్రం నమ్మలేం.

ఎలివేషన్ కోణం (సంకేతం నేలకు ఎంత పైకోణంలో వస్తుందో అది) నుంచి ఎత్తు తీద్దామంటే రెండు యాంటెనా వరుసల కేబుల్ ఆలస్యాల తేడా సరిగ్గా తెలియాలి. అయనోసోండ్ (నిట్టనిలువుగా సంకేతం పంపి అయనోవరణాన్ని కొలిచే పరికరం) ఇచ్చేది నిలువు దారి ఎత్తు, ఏటవాలు దారికి అది సరిపోతుందా? మీరైతే ఏది వాడతారు? లేక దగ్గరి గేట్లను తీసేయడమే మేలా? కొలత మధ్యలో రాడార్ ఫ్రీక్వెన్సీ మారితే స్కిప్ దూరం (వంగిన సంకేతం నేలను తాకగల అతి దగ్గరి దూరం) ఒక్కసారిగా జరుగుతుంది, ఆ ముక్కను విడగొట్టడం తప్ప దారి ఉందా?