కుడి రెక్కలో నొప్పి అంటే భుజం ఎక్స్‌రే తీయించాం, తీరా చూస్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఇదెలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మా అమ్మకి 58 ఏళ్ళు, నాలుగు నెలల నుంచి కుడి రెక్క (వీపు మీద ఉండే భుజం ఎముక) కింద, ఒక్కోసారి భుజం మీద నొప్పి అంటోంది. బిందె ఎత్తావేమో అన్నాం, దిండు మార్చాం, నూనె రాసి కాపడం పెట్టాం, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి భుజం బానే ఉందమ్మా అని మాత్రలిచ్చి పంపారు. తీరా ఇప్పుడు ఆలోచిస్తే ఆ నొప్పి వచ్చిందంతా రాత్రిపూటే, తిన్న గంటకో గంటన్నరకో, అదీ గారెలో పెళ్ళి భోజనమో తిన్న రోజునే. అప్పుడు ఆ లింకు ఎవరికీ తట్టలేదు. పోయిన నెల వాంతులు కూడా అయ్యేసరికి కడుపు స్కాన్ తీయించాం, రాళ్ళు బయటపడ్డాయి, ల్యాప్రోస్కోపీ (పొట్టకి చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషన్) చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు. సరే అయిపోయింది అనుకుంటే మర్నాడు మళ్ళీ కుడి భుజమే నొప్పి! కోసింది పొట్టలో కదా? డ్యూటీ డాక్టరు "గ్యాస్ అమ్మా, రెండ్రోజుల్లో పోతుంది" అని వెళ్ళిపోయారు. మా నాన్న గ్యాస్ అంటే పప్పు తింటే వచ్చే గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగించారు. తగ్గింది కూడా. కానీ నాకు బుర్ర తిరుగుతోంది, లోపల ఒక చోట బాధ ఉంటే ఇంకో చోట నొప్పి ఎలా తెలుస్తుంది?

ఫిజియో_కాకినాడ:
వాము నీళ్ళకి క్రెడిట్ ఇవ్వకండి, హహ. ఆ డాక్టరు చెప్పిన గ్యాస్ వేరు. ల్యాప్రోస్కోపీలో లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి బుడగలా ఉబ్బిస్తారు, అయ్యాక వదిలేస్తారు గానీ కొంచెం మిగిలిపోతుంది. మనిషి లేచి కూర్చోగానే అది పైకి వెళ్ళి డయాఫ్రమ్ కింద చేరి దాన్ని చికాకు పెడుతుంది. డయాఫ్రమ్ అంటే ఛాతీకి పొట్టకి మధ్య గొడుగులా ఉండే కండరం, ఊపిరి తీసేది అదే. దానికి ఫ్రెనిక్ నరం వస్తుంది, ఎక్కణ్ణుంచంటే మెడలోంచి, 3, 4, 5 నంబరు మెడ నరాల నుంచి. భుజం పైభాగం చర్మానికి స్పర్శ ఇచ్చే నరాలూ ఆ 3, 4 నుంచే. వెన్నుపాములో ఇద్దరూ ఒకే చోటికి చేరతారు, అందుకని డయాఫ్రమ్ ఏడిస్తే మెదడుకి భుజం ఏడ్చినట్టు వినపడుతుంది.

పొట్ట దగ్గరి కండరానికి మెడ నుంచి నరం ఎందుకయ్యా అంటే, గర్భంలో పిండంగా ఉన్నప్పుడు డయాఫ్రమ్ మెడ దగ్గరే మొదలవుతుంది. తర్వాత కిందకి దిగుతూ తన నరాన్ని కూడా లాక్కుంటూ పోతుంది. ఇల్లు మారినా ఆధార్‌లో పాత అడ్రసే ఉన్నట్టు.

ఇంకో సంగతి, మీ అమ్మగారు రెండు చోట్లు చెప్పారు చూడండి, అవి రెండూ వేరు దారులు. రాయి అడ్డం పడి గాల్‌బ్లాడర్ బిగుసుకుంటే ఆ కబురు ఛాతీ భాగం వెన్నుపాముకి పోతుంది, అప్పుడు డొక్క పైన, రెక్క కింద తెలుస్తుంది. వాపు వచ్చి పక్కనున్న డయాఫ్రమ్‌కి తగిలితేనే భుజం మీదకి వస్తుంది. ఆవిడ కరెక్టుగానే చెప్పారు, మనకే అర్థం కాలేదు.

సబ్‌పోస్టాఫీస్_అబ్బాయి:
మా నాన్న పోస్ట్‌మ్యాన్, నాకు అర్థమైన రీతిలో చెప్తా. ఒకే వీధిలో ఇద్దరు సుబ్బారావులు ఉన్నారనుకోండి, ఒకాయనకి రోజూ ఉత్తరాలొస్తాయి, ఇంకొకాయనకి ఏడాదికొకటి. ఇంటి నంబరు లేకుండా సుబ్బారావు అని ఒక కవరు వస్తే ఎవరింట్లో వేస్తారు? రోజూ వచ్చే ఆయన ఇంట్లోనే. చర్మం నుంచి, కండరాల నుంచి మెదడుకి పొద్దస్తమానం కబుర్లే, దోమ కుట్టింది, చొక్కా గీరుకుంది అని. గాల్‌బ్లాడర్ నుంచి ఎప్పుడో గానీ రాదు. పైగా లోపలి అవయవాల నుంచి వచ్చే నరాల పోగులు చాలా తక్కువ, ఉన్నవి కూడా వెన్నుపాములో నాలుగైదు మెట్ల మీద చెదిరిపోతాయి. అందుకే "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపించలేం, అరచేయి మొత్తం పెట్టి "ఈ చుట్టుపక్కల" అంటాం. ఈ వివరణని 1946లో రుచ్ అనే ఆయన పద్ధతిగా రాశాడు. పూర్తి కథ ఇదేనా అంటే కాదు, వెన్నుపాము కణాలు రెచ్చిపోయి చుట్టుపక్కల మామూలు కబుర్లని కూడా నొప్పిగా చూపించడం కూడా ఉంటుంది.

విశాఖ_మెట్లు:
మా మామయ్యకి ఎడమ దవడ నొప్పి. పన్ను అనుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ నోట్లో అద్దం పెట్టి చూసి, పళ్ళు తట్టి చూసి, ఎప్పుడొస్తోంది అని అడిగిందిట. మూడో అంతస్తు ఎక్కేసరికి వస్తోంది, కూర్చుంటే పోతోంది అన్నాడు. "పన్ను నొప్పి మెట్లెక్కితే రాదండీ" అని అప్పటికప్పుడు ఈసీజీకి పంపింది. గుండె రక్తనాళం మూసుకుపోయి ఉంది, స్టెంట్ వేశారు. ఆ డెంటిస్టు కాళ్ళు మొక్కాలి నిజంగా.

గుంటూరు_కారం88:
అయితే నా సయాటికా కూడా ఇదేగా? నడుములో డిస్కు, నొప్పి పిక్కలో.

ఫిజియో_కాకినాడ:
కాదండీ, చాలామంది కలిపేస్తారు. సయాటికాలో నరం మొదలే నలుగుతోంది, ఆ నరం పోయే దారి పొడుగునా కరెంటు షాకులా సన్నటి గీతలా దిగుతుంది, తిమ్మిరి ఉంటుంది. మనం మాట్లాడుకునే రకంలో నరం బానే ఉంటుంది, నొప్పి మొద్దుగా, లోతుగా, వెడల్పుగా ఉంటుంది. ఇది కండరాల నుంచి కూడా వస్తుంది. 1938లో కెల్‌గ్రెన్ అనే ఆయన వాలంటీర్ల కండరాల్లోకి గాఢమైన ఉప్పునీళ్ళు ఎక్కించి, గుచ్చిన చోటు కాకుండా ఎంత దూరంలో నొప్పి తెలుస్తోందో మ్యాపులు గీశాడు. మా దగ్గరికి మోకాలు నొప్పి అని వచ్చే పిల్లల్లో కొందరికి తేడా తుంటిలో ఉంటుంది, మోకాలు ఎన్నిసార్లు ఎక్స్‌రే తీసినా ఏం కనపడదు.

గోదారిగట్టు:
మరి ఇంట్లో మేం ఎలా కనిపెట్టాలి? నొక్కితే తెలుస్తుందా?

ఫిజియో_కాకినాడ:
కొంతవరకు. చెయ్యి అన్ని వైపులా తిప్పి, భుజం నొక్కి చూసినా నొప్పి పెరగట్లేదు, కానీ తిండికో నడకకో ఊపిరికో ముడిపడి వస్తోంది అంటే లోపలి వ్యవహారం అని అనుమానించాలి. నొక్కితే నొప్పి ఉంది కాబట్టి లోపల ఏం లేదు అని మాత్రం అనుకోకండి, లోపలి జబ్బుకి పైన చర్మం కూడా ముట్టుకోనివ్వదు ఒక్కోసారి, హెన్రీ హెడ్ అనే ఇంగ్లండు డాక్టరు 1893లోనే ఏ అవయవానికి చర్మం మీద ఎక్కడ అలా అవుతుందో పట్టీలుగా గీసి చూపించాడు. ఛాతీ, దవడ, ఎడమ చెయ్యి, చెమటలు, ఆయాసం అయితే నొక్కి చూసే పని కూడా పెట్టుకోవద్దు, సోడా తాగి పడుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యడమే. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి గుండె నొప్పి ఛాతీలో రాకుండా ఆయాసంగానో వీపు నొప్పిగానో రావచ్చు, అందుకని ఇంకొంచెం జాగ్రత్త.

సబ్‌పోస్టాఫీస్_అబ్బాయి:
అపెండిక్స్ కూడా ముందు బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కుడివైపు కిందకి దిగుతుంది కదా? మా చెల్లికి అలాగే అయ్యింది. పొద్దున్న బొడ్డు దగ్గర అంటే అజీర్తి అనుకున్నాం.

ఫిజియో_కాకినాడ:
అవును. బొడ్డు దగ్గర ఉన్నంతసేపు అవయవం మాట్లాడుతోంది, కుడివైపు దిగిందంటే వాపు పొట్ట లోపలి గోడకి తగిలిందని. గోడకి మామూలు నరాలుంటాయి, అందుకే అప్పుడు వేలు పెట్టి చూపించగలరు.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. ఇదంతా చదివి అమ్మకి వినిపించా, "నేను మొదట్నుంచీ రెక్క కింద అనే చెప్పా, మీరే భుజం అని రాయించారు" అంది. నాన్న మాత్రం వాము నీళ్ళ మాట మీదే ఉన్నారు.