మీటర్ 0.5 అంటోంది, లెక్క 6.86 అంటోంది. బల్బు రెసిస్టెన్స్ ఏది?

కొత్త టంకం:
బండి ఇండికేటర్ బల్బు ఒకటి ఉంది. మీద 12 వోల్టులు, 21 వాట్లు అని రాసుంది. 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. 12ని ఆ 1.75తో భాగిస్తే 6.86 ఓమ్‌లు. ఇంతవరకూ బాగానే ఉంది. మల్టీమీటర్ పెడితే 0.8 చూపించింది. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 వస్తోంది, అది తీసేస్తే బల్బుది 0.5. దాదాపు పద్నాలుగు రెట్లు తేడా! ఇంకో మీటర్ తెచ్చి చూశా, అదీ అంతే. బల్బు ఓమ్ నియమం పాటించదు కాబట్టి దానికి వీ బై ఐ రాయడమే తప్పని మావాడొకడు ఒకటే వాదన. నిజమేనా?

ఫ్యూజు శాస్త్రి:
మీవాడు చెప్పింది నిజమే. ఉష్ణోగ్రత మారనప్పుడు కరెంట్ వోల్టేజికి అనుపాతంలో ఉంటుందన్నదే ఓమ్ నియమం. వెలిగే ఫిలమెంట్ 2500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, మీటర్ చూసింది చల్లటి తీగని. అనుపాతమే లేనిచోట ఆ సూత్రం పట్టుకుని లెక్కలు కట్టడం దేనికి?

వైండింగ్ రాముడు:
శాస్త్రిగారూ, ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది రెసిస్టెన్స్, ఇది నిర్వచనం. ఆ విలువ మారకుండా ఉంటుందనడం ఓమ్ నియమం. బల్బు రెండోదాన్ని పాటించదు. అంతమాత్రాన మొదటిది ఎక్కడికీ పోదు.

ఇలాంటి బల్బునే నేనోసారి వోల్టేజి మార్చుకునే సప్లైకి తగిలించి చూశాను. 1 వోల్టు దగ్గర 0.45 ఆంపియర్లు, అంటే 2.2 ఓమ్‌లు. తీగ ఇంకా సరిగ్గా వెలగనే లేదు. 3 వోల్టుల దగ్గర 0.82, అంటే 3.7 ఓమ్‌లు. 6 దగ్గర 1.2, అంటే సరిగ్గా 5. 12 దగ్గర 1.75, అంటే మీ 6.86. వేడెక్కేకొద్దీ తీగలోని టంగ్‌స్టన్ లోహం రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది. ఇందులో ఏ అంకే అబద్ధం కాదు, అయితే ప్రతిదీ ఆ వోల్టేజికే చెల్లుతుంది.

పవర్ సంగతి ఇంకా బాగుంటుంది. మామూలు రెసిస్టర్‌కి వోల్టేజి సగం చేస్తే పవర్ నాలుగో వంతుకి పడుతుంది, 21 కాస్తా 5.25 అవ్వాలి. బల్బు 6 ఇంటూ 1.2, అంటే 7.2 వాట్లు తింది. మూడో వంతుకన్నా కాస్త ఎక్కువే. చల్లబడిన తీగ కరెంట్‌ని ఎక్కువ వదిలింది కదా మరి.

ఫ్యూజు శాస్త్రి:
రెసిస్టెన్స్ పూటకో మాట మారుస్తుంటే అది వస్తువు గుణం ఎలా అవుతుంది? వోల్టేజి, కరెంట్‌ల గ్రాఫ్ వంకరగా ఉంటే దాని వాలు తీయాలి. మీ అంకెలతోనే 6 నుంచి 12కి పోతే 6 వోల్టులకి 0.55 ఆంపియర్లు పెరిగాయి. 10.9 ఓమ్‌లు. అదీ అసలు రెసిస్టెన్స్.

వైండింగ్ రాముడు:
సరే, దాన్నే పవర్ లెక్కలో పెట్టండి. ఐ స్క్వేర్ ఆర్: 1.75 ఇంటూ 1.75 ఇంటూ 10.9. 33 వాట్లు దాటింది! 21 వాట్ల బల్బు 33 వాట్లు ఎక్కణ్ణుంచి తెచ్చింది? 6.86 పెడితే 21 వస్తుంది. వోల్టేజి కొంచెం అటూ ఇటూ ఊగితే కరెంట్ ఎంత మారుతుందో చూడ్డానికి వాలు ఒక అంచనాకి పనికొస్తుంది. పవర్‌కి పనికిరాదు.

చిన్న దీపం:
మధ్యలో దూరుతున్నా. ఎల్‌ఈడీ దగ్గర మాత్రం శాస్త్రిగారి వైపే. 2 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లు అంటే 100 ఓమ్‌లట. 12 వోల్టులకి 500 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో పెట్టాం, అంతా కుదిరింది. ఇప్పుడు సప్లై 4 వోల్టులకి దించండి. ఎల్‌ఈడీని 100గా నమ్మితే 4ని 600తో భాగించి 6.7 మిల్లీ ఆంపియర్లు అనుకుంటాం. నిజానికి ఎల్‌ఈడీ ఇంకా 2 వోల్టుల చుట్టుపక్కలే పట్టుకుని కూర్చుంటుంది, మిగిలిన రెండే రెసిస్టర్ మీద పడతాయి. వచ్చేది 4 చిల్లర. ఆ 100 వల్ల నాకేం ఒరిగింది?

వైండింగ్ రాముడు:
ముందే ఏమవుతుందో చెప్పడానికి అది పనికిరాదు, ఒప్పుకున్నా. మోటర్ ఇంకా ఘోరం తమ్ముడూ. వైండింగ్ 1 ఓమ్ ఉన్న 12 వోల్టుల మోటర్ తిరుగుతూ 2 ఆంపియర్లు లాగుతుందనుకో. వీ బై ఐ 6 ఓమ్‌లు, పవర్ 24 వాట్లు. తీగలో వేడయ్యేది మాత్రం 2 స్క్వేర్ ఇంటూ 1, అంటే 4 వాట్లే. మిగతా 20 షాఫ్టుకీ, బేరింగుల ఒరిపిడికీ పోతుంది. షాఫ్ట్ పట్టి ఆపేస్తే 12 ఆంపియర్లు, 144 వాట్లు, మొత్తం వేడే. కాసేపట్లో వార్నిష్ వాసన. అందుకే ఏ పెట్టె ఎదురొచ్చినా డీసీలో నేను ముందు వోల్టులు ఇంటూ ఆంపియర్లు కడతాను. ఆర్ తర్వాత.

కొత్త టంకం:
ఇప్పుడర్థమైంది. అయితే ఆ 0.5ని మర్చిపోవచ్చన్నమాట. ఇంకొక్కటి: 1.75 ఆంపియర్లే కదా అని 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాను. బల్బు ఒక్క క్షణం మిణుకుమని ఆరిపోతుంది, మళ్లీ మిణుకు, మళ్లీ ఆరు. అడాప్టర్ పోయిందంటారా?

వైండింగ్ రాముడు:
12ని ఆ 0.5తో ఒకసారి భాగించి చూడండి.

కొత్త టంకం:
24 ఆంపియర్లు. అయ్యబాబోయ్.