కత్తి మీది కంపెనీ పేరు పోగొట్టడం ఎలా?

మిర్యాలగూడ వంటిల్లు: స్టీలు కత్తి మీద నల్లగా కంపెనీ పేరు ఉంది. పీచుతో తోమీ తోమీ సగం అక్షరాలు పోయాయి, మిగిలినవి పళ్లూడిన నోటిలా కనిపిస్తున్నాయి. వాటిని ఎలా తీయాలి? కడిగి ఆరబెడితే తెల్ల మచ్చలు కూడా వస్తున్నాయి.

బత్తాయి తోట: అక్షరాలదేముంది! మా ఇనుప కత్తితో బత్తాయి కోసి కడగడం మరిచాం. తెల్లారేసరికి బొగ్గులా నల్లబడింది.

కమ్మరి కొలిమి: మూడు తరాలుగా మాది ఇదే పని. లారీ కమాను పట్టీతో చేసిన కత్తికి పేరూ ఉండదు, చెరిపే బాధా ఉండదు. బత్తాయి తోట గారూ, ఆ నలుపును తోమకండి, తుప్పును కొంత ఆపేది అదే.

దేవరకొండ అక్క: గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి రుద్దాను, రెండు నిమిషాల్లో పోయింది. సీసా మీద అసిటోన్ అని ఉండాలి, లేని రకం పనిచేయలేదు. పొయ్యి దగ్గర వద్దు. ప్లాస్టిక్ పిడికి తగలనివ్వకండి, నాది జిగురు జిగురుగా తయారైంది.

వనపర్తి వర్క్‌షాపు: పీచుకే సగం పోయిందంటే అది సిరా, అసిటోన్ చాలు. లేజరు రాత అయితే సీసా మొత్తం పోసినా పోదు. దానికి వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తడిపి 800, 1500, 2000 నంబర్ల వరుసలో ఒకే దిశగా రుద్దాలి. గుద్దిన ముద్ర జోలికి పోవద్దు. పన్నెండేళ్లుగా లేత్ యంత్రం మీద ఉన్నాను, నాతో వాదించకండి.

కమ్మరి కొలిమి: లేత్ మీద కత్తికి మెరుగు పెట్టేవారిని ఇప్పుడే చూస్తున్నాను.

వనపర్తి వర్క్‌షాపు: లేత్ మీద పెట్టమని నేనెక్కడ రాశాను? చదవడం రాకపోతే కొలిమి ఊదుకోండి.

మునుగోడు: తెల్ల మచ్చలు ఫ్లోరైడువి. మా పళ్లనే వదలని నీళ్లు కత్తిని వదులుతాయా?

కెమిస్ట్రీ సార్: కాదండీ. అవి బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఫ్లోరైడుకు రంగూ రుచీ ఉండవు, అందుకే ఇన్నేళ్లు తెలియకుండా తాగాం. మచ్చ మీద ఐదు నిమిషాలు నిమ్మరసం ఉంచి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

మునుగోడు: మా ఊరి నీళ్లు మీరు తాగారా? మా నాన్నకు మోకాళ్లు వంగవు.

కెమిస్ట్రీ సార్: ఆయన బాధ నిజం, కత్తి మచ్చ వేరు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే విధానాన్ని ఇతర దేశాల్లో కూడా నల్లగొండ పద్ధతి అనే అంటారు. ఏటా పిల్లలకు చెబుతాను.

మునుగోడు: కనిపెట్టింది నాగపూర్ వారు, పేరు మాది, నొప్పులూ మావే.

పాలమూరు: ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా మచ్చలెందుకు?

మునుగోడు: తాగడానికి నల్లా, గిన్నెలకు బోరు. మీ ఇంట్లో వేరేలా ఉందా?

కమ్మరి కొలిమి: కత్తి గురించి అడిగితే నీళ్ల పంచాయితీ పెట్టారు.

మిర్యాలగూడ వంటిల్లు: దేవరకొండ అక్కకు దండాలు, సిరా పోయింది. కానీ సిరా ఉన్నచోట లోహం కొత్తగా మెరుస్తోంది. వెలుతురుకు వంచి చూస్తే పేరు మొత్తం చదవవచ్చు! ఇప్పుడేం చేయాలి?

బత్తాయి తోట: ఇంతకీ ఆ కత్తి ఎంతకు కొన్నారు?