నాలుగు ఎముకలు దొరికితే కొత్త జాతేనా?

నారాయణగూడ నర్సన్న: నిన్న పిల్లల్ని బిర్లా సైన్స్ సెంటర్‌కి తీస్కపోయిన. ఆడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఒక్క జంతువు కాదు. యామనపల్లి దిక్కు దొరికిన చానా జంతువుల ఎముకలు కలిపి పేర్చిన్రు. పుర్రె దొరకనే లేదు, అయినా 1988ల కొత్త జాతి అని పేరు పెట్టిన్రు. ఇంటికొచ్చి చదివితే, కొమ్ముల్లేని పెద్ద ఖడ్గమృగం పారాసెరాథీరియంల గూడ చైనాల 2021ల ఇంకో జాతి తేల్చిన్రంట. వాళ్ల లెక్కల ఇప్పుడు ఆరు. ఊరికో జాతి పుట్టిస్తున్నరా ఏంది?

రాళ్లపిచ్చి: అన్నా, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకు. చైనా లింక్సియా ప్రాంతంలో దొరికింది నిండు పుర్రె, దానితో దవడ, మెడ మొదటి పూస. అన్నీ ఒకే జంతువువి. 2.65 కోట్ల ఏళ్ల నాటి పొర. ముక్కు గాడి మిగతా వాటికంటే లోతుగా ఉంది, అంటే టాపిర్‌కి లాగా పొట్టి తొండం ఉండి ఉంటుంది. పేరు తగిలించేది ఆ ఒక్క నమూనాకే, దాన్నే హోలోటైప్ అంటారు. రేపు నీకు అనుమానమొస్తే పోల్చి చూడాల్సింది కూడా ఆ పుర్రెతోనే. ఇంకేం కావాలి?

దిల్‌సుఖ్‌నగర్ పళ్ల డాక్టర్: పుర్రె ఉంటే సరేనండీ. నా గొడవ పళ్లతో. ఖడ్గమృగాల పై దవడ పన్ను మీద గ్రీకు అక్షరం ‘పై’ (π) లాంటి గట్లు ఉంటాయి. వయసుతో అరిగేకొద్దీ ఆ ఆకారమే మారిపోతుంది. పాలపన్నైతే మరీ మోసం. మనుషుల పళ్లలోనే రోజూ చూస్తుంటాను, ఒకే తల్లి పిల్లలకి ఒకేలా ఉండవు. ఒక్క పన్ను పట్టుకుని జాతి అంటే నేను నమ్మను.

కూకట్‌పల్లి కర్నూలోడు: ఈ పంచాయతీ ఇప్పటిది కాదప్పా. బలూచిస్తాన్‌లోని బుగ్తి కొండల్లో దొరికినదానికి పిల్‌గ్రిమ్ అనే శాస్త్రవేత్త 1908లో అసెరాథీరియం బుగ్తియెన్స్ అన్నాడు. 1911లో ఫార్‌స్టర్ కూపర్ దాన్నే పారాసెరాథీరియం చేశాడు. మళ్లీ ఆయనే 1913లో ఇంకొన్ని ఎముకలకి థామస్టోథీరియం అన్నాడు. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే ఒక పురుగుకి ఉంది! వెంటనే బలూచిథీరియం అని మార్చుకున్నాడు. అంతలో రష్యావాళ్లు ఇంద్రికోథీరియం తెచ్చారు. 1989లో ఇద్దరు పరిశోధకులు కూర్చుని, ఇవన్నీ ఒకే ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు) అని కలిపేశారు.

నారాయణగూడ నర్సన్న: గదే నేననేది! పెట్టుడు, పీకుడు.

రాళ్లపిచ్చి: పీకగలగడమే కదన్నా మంచిది. పేరు లేకపోతే దేని గురించి కొట్లాడతారు? పెట్టినవాడు ఇది వేరు అని కారణాలు రాస్తాడు. తర్వాత వచ్చినవాడు ఇంకో పది పుర్రెలు పక్కన పెట్టి, కాదయ్యా, ఇది మగది, అది ఆడది అంతే అంటాడు. నాకు చిరాకు పుట్టించేది తేడా ఏంటో తేల్చకుండా పేరు పారేసేవాళ్లు. ఇందులో నేనూ డాక్టర్ గారి వైపే.

నారాయణగూడ నర్సన్న: సరే, చైనాదాన్ని ఒప్పుకుంటున్న. ఒక్క పన్నుకి పెట్టినవన్నీ కొట్టెయ్యాలె.

కూకట్‌పల్లి కర్నూలోడు: అన్నీ అనకన్నా! బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884లో బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించాడు. ఆ ఎముకలు చూసి 1886లో లిడెక్కర్ రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. మా ఊరి పేరుతో ఉన్న ఖడ్గమృగం అదొక్కటే. దాని జోలికి మాత్రం రావద్దు.