చెక్‌లిస్టులో టిక్కులన్నీ పడుతున్నాయి, పొరపాట్లు మాత్రం ఆగడం లేదు: మీ అనుభవాలు తెలుపగలరు

మెయింటెనెన్స్ ఇంజనీరు, విశాఖపట్నం:
మా కర్మాగారంలో పంపుల మరమ్మతు మొదలుపెట్టే ముందు పర్మిట్‌తో పాటు చెక్‌లిస్టు కూడా నింపాలి. కరెంటు బ్రేకరు ఆపి తాళం వేశారా, వాల్వులు మూశారా, లైనులో ఒత్తిడి పూర్తిగా దిగిందా అంటూ రెండు పేజీల నిండా గళ్లుంటాయి. చాలామంది పని ముగిశాక, షిఫ్టు దిగబోతూ, పై నుంచి కింది దాకా ఒకే ఊపులో టిక్కులు పెట్టేస్తున్నారు. మీ వృత్తుల్లో ఈ చెక్‌లిస్టు పద్ధతి నిజంగా పనిచేస్తోందా? పనిచేస్తుంటే ఎలా నడుపుతున్నారు?

థియేటర్ సిస్టర్, హైదరాబాదు:
ఇంజనీరు గారూ, మా దగ్గర అది నింపే కాగితం కాదు, పైకి చదివే కాగితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టులో 19 అంశాలే ఉండేవి. మత్తు ఇవ్వక ముందు, కోత పెట్టక ముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి తీసుకువెళ్లక ముందు, ఈ మూడు చోట్లా అందరూ ఆగాలి. కోతకు ముందు నేను చదువుతాను. రోగి పేరు, చేయబోయే ఆపరేషను, ఏ వైపు అన్నది సర్జన్ గారు, మత్తు డాక్టరు గారు పైకి చెప్పాలి. కుట్లు వేసే ముందు మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదులు, పరికరాలు లెక్కపెడతాం. ఒక్క మాప్ తేడా వచ్చినా, ఎంత పెద్ద సర్జన్ అయినా అది దొరికే దాకా ఆగవలసిందే. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పద్ధతి వచ్చాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

ప్రజారోగ్య పరిశోధకురాలు, గుంటూరు:
సిస్టర్ గారు చెప్పిన అంకెలు నిజమే గానీ, వాటి పక్కన మరి రెండు పెట్టి చూడాలి. కెనడాలోని ఒంటారియోలో అదే చెక్‌లిస్టును 101 ఆసుపత్రుల్లో అమలు చేశాక పరిశీలిస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని 2014లో తేలింది. ఉత్తరప్రదేశ్‌లో కాన్పుల కోసం తెచ్చిన చెక్‌లిస్టుపై జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి: శిక్షకులు పక్కనుండి నేర్పినందువల్ల సిబ్బంది చేయవలసిన పనులు ఎక్కువగానే చేశారు, అయినా తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. మందు, మనిషి, పైఆసుపత్రికి పంపే ఏర్పాటు లేనిచోట కాగితం ఒక్కటే ఏం చేయగలదు?

గృహిణి, రాజమహేంద్రవరం:
నాది వృత్తి అనుభవం కాదు. సత్యనారాయణ వ్రతానికి పంతులుగారు ఇచ్చే చీటీలో పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు అన్నీ ఉంటాయి, అగ్గిపెట్టె ఉండదు. తీరా దీపారాధన వేళకు ఇల్లంతా వెతికేది దానికోసమే! మా అత్తయ్యగారు ఆ చీటీ వెనకాల అగ్గిపెట్టె, చిల్లర నాణేలు, చేయి తుడుచుకునే గుడ్డ అని మూడే మూడు రాసి పెట్టుకునేవారు. ఎవరూ మరచిపోని పసుపును రాసుకుని ప్రయోజనమేమిటన్నది ఆవిడ వాదన.

విమాన మరమ్మతు విభాగంలో పనిచేసి విరమించినవారు, బెంగళూరు:
అత్తయ్యగారి పద్ధతే మా రంగానిదీ. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయోలో బోయింగ్ 299 విమానం లేచిన కొద్దిసేపటికే కూలింది. నేల మీద నిలిపినప్పుడు గాలికి తోక పలకలు కదలకుండా వేసే తాళాన్ని తీయకుండానే ఎగిరారు. నడిపింది కొత్తవాడు కాదు, అనుభవజ్ఞుడైన పరీక్షా పైలట్. అందుకే ఆ తరువాత పైలట్లు తయారు చేసుకున్న చెక్‌లిస్టులో విమానం నడపడం ఎలాగో రాయలేదు, ధ్యాస తప్పితే ప్రాణం తీసేవాటినే రాసుకున్నారు. మీ రెండు పేజీల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందు చూడండి.

మెయింటెనెన్స్ ఇంజనీరు:
చూశాను. హెల్మెట్, బూట్లు, గ్లోవ్స్ గురించే సగం పేజీ పోయింది. గేటు దగ్గర అవి ఎలాగూ చూస్తారు. బ్రేకరు తాళం, వాల్వు, ఒత్తిడి, స్టార్ట్ బటన్ నొక్కి మోటారు తిరగడం లేదని చూసుకోవడం, ఈ నాలుగూ ఒక అట్టమీద రాయించి పంపు దగ్గరే వేలాడదీయాలని ఉంది. అయితే రాత్రి షిఫ్టులో ఫిట్టరు, హెల్పరు ఇద్దరే ఉంటారు. చదివేది ఎవరు?

థియేటర్ సిస్టర్:
హెల్పరు చేత చదివించండి, ఫిట్టరు ఒక్కొక్కటీ చేయి పెట్టి చూపించి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే పని ఆపే అధికారం ఆ హెల్పరుకు ఉందని మీ షిఫ్టు ఇంచార్జి చేత అందరి ముందూ చెప్పించడం మరవకండి.