ఒక్కగానొక్క కొడుకును దేవునికి ఇవ్వాలంటే

ప్రశ్న (మల్కాజ్‌గిరి నుంచి ఒక తల్లి):
మా ఒక్కగానొక్క కొడుకు మాదాపూర్‌లో ఉద్యోగం మానేసి అరకు వైపు సువార్త సేవకు వెళ్తానంటున్నాడు. పసిబిడ్డగా వాణ్ణి మందిరంలో ప్రతిష్ఠించింది నేనే. ఇప్పుడు పంపడానికి మనసు ఒప్పడం లేదు. కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అడిగితే అబ్రాహాముకు ఎలా ఒప్పిందో! ఆ కథ ఉన్న బైబిలు ఆదికాండం 22లో తల్లి శారా మాటే లేదు. ఆమెను ఎవరైనా అడిగారా?

జవాబు:
అక్కా, ప్రసంగాల్లోనూ శారా ఊసు రాదు. బలి ఇవ్వాల్సిన మోరీయా కొండ కనబడింది మూడో రోజున. అంతదూరం కన్నకొడుకు పక్కన నడుస్తూ ఆ తండ్రి ఏమనుకున్నాడో అక్కడ ఒక్క ముక్క లేదు. మృతుల్లోంచి కూడా దేవుడు లేపగలడని నమ్మాడని హెబ్రీ పత్రిక 11:19 చెబుతుంది.

జవాబు:
మేము హిందువులం. మా ఇంట్లో చిరుతొండ నంబి కథ చెప్పేవారు. శివుడు ఆ భక్తుడి కొడుకు సిరియాళుణ్ణే వండి పెట్టమంటాడు. అక్కడ తల్లికీ పాత్ర ఉంది. పిల్లవాడు తిరిగొస్తాడు, నిజమే. అయినా ఆ శివుడి మీద నా కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

జవాబు:
అమ్మా, మీ అబ్బాయిని ఎవరూ బలిపీఠం ఎక్కించడం లేదు. అరకుకు విశాఖ నుంచి రైలుంది. ఏ సంఘం పంపుతోంది, జీతం ఎవరిస్తారు, ముందు అడగండి. అది అవిశ్వాసం కాదు.

తల్లి:
జీతం సంగతి అడిగాను. ‘యెహోవా యీరే’, అంటే దేవుడే చూసుకుంటాడు, అన్నాడు. కాగితం మీద రాయించి తెమ్మన్నాను.