రాతి మడతలు కొలిచిన మనిషి రచయితా, సహాయకురాలా? సైటేషన్ల లెక్క ఎవరి పనిని కొలుస్తోంది?

ఉదయగిరి_దుర్గం

అందరికీ నమస్కారం. వాదించుకుందామనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు మొహమాటం లేకుండా రాయండి.

మాది ఉదయగిరి పక్క పల్లె. ఎమ్మెస్సీ జియాలజీ అయ్యాక వెలిగొండల్లో ఒక ప్రాజెక్టుకు రెండు సీజన్లు ఫీల్డ్ పని చేశాను. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా నడకే. కంపాస్, వాలు కొలిచే క్లైనోమీటర్, సుత్తి, నోటుబుక్కు, సద్దిమూట. 417 చోట్ల రాతి పొర ఎటు సాగింది, ఎటు వాలింది, ఎన్ని డిగ్రీలు అని రాసుకున్నాను. ఆ కొలతల మీదే మడతల మ్యాపు, అడ్డకోత బొమ్మలు గీసి పేపరు వేశారు. రచయితలు నలుగురు. నా పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది, ‘ఫీల్డులో సాయపడ్డారు’ అని. ఆ పేపరుకు ఇప్పటికి 38 సైటేషన్లు, అంటే వేరే పేపర్లు దాన్ని 38 సార్లు ఉదహరించాయి. మొన్న ఒక ఇంటర్వ్యూలో నా హెచ్-ఇండెక్స్ (రచయితగా వేసిన పేపర్లు, వాటి సైటేషన్లు కలిపి లెక్కగట్టే అంకె) ఎంతని అడిగారు. సున్నా అని చెప్పి బయటికొచ్చాను.

నా వాదన ఒకటే. ముడుచుకున్న రాళ్ళలో కొలత అంటే థర్మామీటర్ చూసి అంకె వేయడం కాదు. ఒక్క ఉదాహరణ చెప్తాను. సీతారాంపురం వైపు ఒక వాగులో పలకరాయి బయటపడి ఉంది. చూడగానే కంటికి ఆనేది దాని చీలిక, అంటే రాయి పలకలుగా విడిపోయే తలం, తూర్పుకు 50 డిగ్రీల వాలు. మొదటిరోజు నేను దాన్నే పొర అనుకుని రాసేశాను. మర్నాడు అనుమానమొచ్చి మళ్ళీ పోయి, మోకాళ్ళ మీద కూచుని రాతి మీద నీళ్ళు చల్లాను. తడి ఆరేలోగా ఆ చీలికను ఏటవాలుగా కోసుకుంటూ పోయే సన్నటి చారలు కనబడ్డాయి, ఒకటి బూడిదరంగు, ఒకటి లేత ఆకుపచ్చ. అవీ అసలు పొరలు. ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న బురద. చీలిక మాత్రం ఆ తర్వాత నొక్కుడుకు పుట్టింది. చారల వాలు కూడా తూర్పుకే, కానీ 70 డిగ్రీలు. రెండూ ఒకే దిక్కుకు వాలినప్పుడు చీలిక కంటే పొర ఎక్కువ నిటారుగా ఉంటే, ఆ పొర తలకిందులైందని లెక్క. పైనుండాల్సిన వైపు కిందికి పోయింది. ఆ ఒక్క కొలతతో మామూలు వాలు అనుకున్నది పడమటికి ఒరిగి పడిపోయిన అపనతి (పైకి వంగిన మడత) అంచు అయింది. బొమ్మ మొత్తం మారింది.

ఆ నిర్ణయం తీసుకున్నది ఎవరు? వాగులో కూచున్న మనిషి. మరి రచన ఎక్కడ జరిగినట్టు?

ఒంగోలు_మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్ళు జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. నీ బాధ తెలుసు. అయినా ఒప్పుకోను.

మొదటిది, పేపరంటే కొలతల మూట కాదు. ఆ 417 అంకెలను ఏ ప్రశ్నకు జవాబుగా నిలబెట్టారన్నదే పేపరు. నల్లమల, వెలిగొండ వరసలు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పడమటికి ముడుచుకున్నాయని, తూర్పు అంచున నెల్లూరు షిస్టు రాళ్ళు వాటి మీదికి తోసుకొచ్చాయని చాలాకాలంగా అనుకుంటున్నదే. కానీ అది ఎప్పుడు జరిగింది, ఒక్క దెబ్బనా, పలు దఫాలుగానా అన్నది ఇంకా తెగలేదు. ఆ వాదనలోకి దిగి, తప్పయితే మాట పడటానికి సిద్ధపడ్డవాడు రచయిత. వైద్య పత్రికల సంపాదకులు పెట్టుకున్న నియమాల్లో నాలుగు షరతులున్నాయి: చెప్పుకోదగ్గ కృషి, రాయడంలో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తానికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. నువ్వు ఒక్కటే చెప్తున్నావు.

రెండోది, సైటేషన్లను తిట్టడం తేలిక. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏ లెక్కా లేదు. ఎవరి మనిషి, ఏ కులం, ఎవరు ఫోన్ చేశారు, ఇవే చూసేవాళ్ళు. మా ఊరి రైతు బిడ్డ ఒకడు మంచి పేపర్లు పెట్టుకుని మూడుసార్లు బయటికొచ్చాడు. నాలుగోసారి బయటి నిపుణుడొకాయన అతని పేపర్లను ఎవరెవరు ఉదహరించారో చదివి వినిపిస్తే కమిటీ నోరు మూతపడింది. ఆ లెక్క తీసేస్తే మిగిలేది సిఫార్సే. దిక్కులేనివాళ్ళకు అదొక్కటే సాక్ష్యం.

గూడూరు_అభ్రకం

మాస్టారు చెప్పిన సిఫార్సు సంగతి నిజం. కానీ ఆ సాక్ష్యం ఎంత కురచో కూడా చూడాలి.

1872లో విలియం కింగ్ మన కడప, కర్నూలు రాళ్ళ మీద జియలాజికల్ సర్వే మెమాయిర్ రాశాడు. పాపాగ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని ఆయన పెట్టిన విభజనే నేటికీ పునాది. నల్లమల గ్రూపు అని రాసే ప్రతి విద్యార్థీ ఆయన మాట వాడుతున్నాడు, ఆయన పేరు మాత్రం చాలామంది వేయరు. అందరికీ తెలిసిన సంగతైపోయాక ఎవరూ ఉదహరించరు. అంటే పని ఎంత బాగా ఇంకిపోతే లెక్కలో అంత తగ్గుతుంది!

పత్రికల స్థాయి చెప్పడానికి వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసేది గడిచిన రెండేళ్ళ పేపర్లను. కొండలు తిరిగి గీసిన మ్యాపుకు విలువ ఇరవై, ముప్పై ఏళ్ళకు తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి పశ్చిమ ప్రకాశానికి నీళ్ళు తేవడానికి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు తవ్వారు కదా. అలాంటి పనికి రాయి ఎటు వాలింది, ఎక్కడ నలిగి ఉంది అన్నదే ప్రాణం. మ్యాపు చూసుకుని తవ్వే ఇంజనీరు ఏ పత్రికలోనూ సైటేషన్ ఇవ్వడు. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది ముఖ్యంగా ఒక పేపరు నుంచి ఇంకో పేపరుకు దారి పట్టుకోవడానికి. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ చెప్పింది 2005లో. దారి చూపే పలకను తెచ్చి మనిషిని తూచే తక్కెడ చేశాం.

నెల్లూరు_ఫిజిక్స్

కొలిచినవాళ్ళు రచయితలు కారంటే మా సబ్జెక్టు మూతపడుతుంది. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి కొలిచిన పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, వాళ్ళ సంస్థలే. అది కూడా అతే, ఒప్పుకుంటా. కానీ కణాలను పసిగట్టే డిటెక్టర్ కట్టినవాణ్ణి కృతజ్ఞతల్లో పడేయలేదు.

పలకబలపం

అక్కా, మాది మార్కాపురం. మా నాయన పలకల గనిలో పాతికేళ్ళు చేశాడు. నువ్వు చెప్పిన చీలిక ఆయన చేతికి తెలుసు. దిమ్మె అంచున ఉలి పెట్టి, చిన్నగా తట్టి, చెవి పెట్టి వింటాడు. మోత తేడాగా ఉంటే ఆ దిమ్మె పక్కన పెడతాడు. లోపల అడ్డచార ఉందని, పలక సగంలో విరుగుతుందని ముందే చెప్తాడు. చాలాసార్లు అట్లనే అయ్యేది. చిన్నప్పుడు మేం అక్షరాలు దిద్దింది ఆ రాతి మీదే.

కాలేజీ పిల్లోళ్ళు బస్సుల్లో వచ్చి ఆయన్నడిగి రాసుకుని పోయేవాళ్ళు. ఏ రాయి ఎటు చీలుతుందో గని అంతా తిప్పి చూపించేవాడు. ఏ రిపోర్టులోనూ ఆయన పేరు నేను చూడలేదు. నీ వాదన ప్రకారం ఆయన కూడా రచయితే కావాలి. అవునా, కాదా? మీ గీత మీ కాళ్ళ దగ్గరే ఆగిపోతే ఆ నలుగురికీ నీకూ తేడా ఏముంది?

కోపంతో అడగట్లేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. తెలుసుకోవాలని ఉంది.

కావలి_తీరం

తమ్ముడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒక పక్క సంగతి చెప్తాను.

మా కావలి పేరు ప్రపంచ జియాలజీ పుస్తకాల్లో ఉందని చాలామందికి తెలియదు. కావలి నుంచి ఉడుపి దాకా, దాదాపు 600 కిలోమీటర్ల గీత మీద పేలుళ్ళు జరిపి, ఆ కంపనాలతో భూమి లోపలి పొరలు కొలిచారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) నుంచి కైలా తదితరుల పేపరు 1979లో వచ్చింది. ఆ డేటాను తర్వాతివాళ్ళు మళ్ళీ మళ్ళీ తీసి కొత్తగా అర్థం చెప్పారు. డేటాకు అంత ఆయుష్షు ఉన్నప్పుడు దాన్ని విడిగా, సొంత పేరుతో ప్రచురించే పద్ధతి ఉంది కదా ఇప్పుడు. డీవోఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తారు, దాన్నీ ఉదహరించొచ్చు. ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా విడగొట్టి రాసే పద్ధతి కూడా చాలా పత్రికల్లో వచ్చింది. ఫీల్డులో పరిశోధన ఒక పాత్ర, డేటా చూసుకోవడం ఇంకోటి, రాయడం వేరొకటి.

ఇంకో గోడు. మన పేర్లు. ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరం. డేటాబేసులో పడేసరికి రావు, రెడ్డి అన్నదే పేరైపోతుంది. ఒకరి సైటేషన్లు ఇంకొకరి ఖాతాలో. ఓర్సిడ్ అని పరిశోధకులకు ఇచ్చే సొంత గుర్తింపు నంబరు తీసుకోనివాళ్ళు ఇవాళే తీసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు.

ఉదయగిరి_దుర్గం

తమ్ముడూ, రెండు రోజులు ఆలోచించాక రాస్తున్నాను. మీ నాయన రచయిత అవుతాడని ఊరికే అనను, అది నీకు సమాధానం కాదు. ఆ పిల్లలు ఫలానా గనిలో ఫలానా ఆయన ఇలా చెప్పాడు అని పేరుపెట్టి రాయాల్సింది. పుస్తకానికి సైటేషన్ ఇస్తాం, మనిషి నోటి మాటకు ‘స్థానికుల ద్వారా తెలిసింది’ అంటాం. అది తప్పు. నేనూ చేశాను. ఆ వాగుకు దారి చూపి, తడిపితే చారలు కనబడతాయని చెప్పింది మేకలు కాసే ఒక అవ్వ. నా నోటుబుక్కులో ఆమె పేరు లేదు. పై పోస్టులో కూడా నాకే అనుమానమొచ్చినట్టు రాసుకున్నాను. ఆమెను అడిగి ఆ పేజీలో పేరు రాస్తాను.

మాస్టారూ, మీరు చెప్పిన నియమాల్లోనే ఇంకో మాట ఉంది. మొదటి షరతు తీర్చినవాళ్ళకు రాయడంలో, సరిచూడటంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని. ఆ మొదటి షరతులో డేటా సేకరణ కూడా ఉంది. నాకు చిత్తుప్రతి చూపలేదు. తలుపు మూసి, లోపలికి రాలేదు కాబట్టి నువ్వు మనిషివి కాదంటే ఎలా?

ఒంగోలు_మాస్టారు

ఆ మాట నేను మరిచాను. నీదే సరి.

కానీ జవాబుదారీ సంగతి వదలను. 417లో ఏదైనా తప్పుందేమో అని ఎవరైనా అడిగితే చెప్పగలవా?

ఉదయగిరి_దుర్గం

చెప్పగలను సార్. 212వది తప్పు. ఆరోజు హైటెన్షన్ టవరు కింద నీడ ఉందని అక్కడే నిలబడి కంపాస్ పెట్టాను. ముల్లు ఇనుముకు లాగింది. సాయంత్రం చుట్టుపక్కల రీడింగులతో పోల్చితే దిక్కు 20 డిగ్రీల తేడా వచ్చింది. పక్కన పెన్సిల్‌తో ‘వాడొద్దు’ అని రాశాను. అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించింది వేరేవాళ్ళు, అంచున రాసింది ఎక్కించలేదు. ఆ రీడింగు పేపర్లో మూడో అడ్డకోతలో ఉంది. అక్కడ లేని మడత ఒకటి గీశారు. ఆ నలుగురిలో ఎవరూ నన్ను అడగలేదు, వాళ్ళకు తెలియదు.

ఒంగోలు_మాస్టారు

ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకో. ముందు ఆ నలుగురికి రాయి, నెల గడువివ్వు. కదలకపోతే పత్రిక సంపాదకుడికి. సవరణ అడిగేటప్పుడు పేరు సంగతి కూడా అదే ఉత్తరంలో పెట్టు. చిత్తు నాకు పంపితే చూసి పెడతాను. నోటుబుక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకమ్మా.